భోజనానికి అరగంట ముందు

చక్కెర వ్యాధి చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా సుశ్రుతుడితో మొదలుపెడతారు. చీమలు పట్టే మూత్రం, దానికి మధుమేహమన్న పేరు. అక్కడి నుంచి ఇంగ్లండు వెళ్లి, మూత్రాన్ని రుచి చూసి తేనెలా ఉందని రాసిన థామస్ విల్లిస్‌ను, ఆ తీపి చక్కెరేనని 1776లో తేల్చిన మాథ్యూ డాబ్సన్‌ను తలుచుకుంటారు. చివరికి టొరంటో చేరతారు. 1921లో బాంటింగ్, బెస్ట్ అక్కడ కుక్కల మీద చేసిన ప్రయోగాలు, 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇచ్చిన ఇన్సులిన్ ఇంజెక్షన్. ఇదంతా నిజమే. ఈ చరిత్రలో వైద్యుడున్నాడు, రోగి ఉన్నాడు, కుక్కలకు కూడా చోటుంది. రోగి తినే తిండి వండిపెట్టిన మనిషి మాత్రం కనిపించదు. ఆ మనిషికే చక్కెర వ్యాధి వస్తే ఏమవుతుందన్న ప్రశ్న అసలే లేదు.

ఆ ప్రశ్న పట్టుకుని ఈ చరిత్రను మళ్లీ చదవాలనిపించింది. ముఖ్యంగా అందులోని ఒక భాగాన్ని, అంటే రక్తంలో చక్కెరను కొలవడమనే భాగాన్ని. ఈ వ్యాధిలో వైద్యం సగం, కొలత సగం. పరగడుపున 126 మిల్లీగ్రాములు దాటితే వ్యాధి ఉన్నట్టు, 70 కంటే తగ్గితే ప్రమాదం ముంచుకొచ్చినట్టు. ఈ అంకెలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? అవి ఎలాంటి మనిషిని ఊహించుకుని తయారయ్యాయి?

మొదట్లో అంకెలే లేవు, రంగులున్నాయి. 1908లో స్టాన్లీ బెనెడిక్ట్ తయారుచేసిన నీలి ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచేవాళ్లు. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. మన జూనియర్ కాలేజీ ప్రయోగశాలల్లో చాలామందిమి చేసిన పరీక్షే. రక్తంలో చక్కెరను కొలిచే పద్ధతిని హార్వర్డ్‌లో ఒట్టో ఫోలిన్, చైనా శాస్త్రవేత్త సియెన్ వూ 1919-20లో స్థిరపరిచారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తర్వాత పనిచేసింది ఆ ఫోలిన్ విభాగంలోనే. కానీ ఫోలిన్-వూ పరీక్షకు నరం నుంచి తీసిన రక్తం కావాలి, ప్రయోగశాల కావాలి. ఫలితం వచ్చేసరికి రోగి భోజనం చేసి, పడుకుని, మళ్లీ లేచి ఉంటుంది. అంకె డాక్టరు కాగితం మీద ఉండేది. ఇంట్లో మిగిలింది మూత్రం కాచే గాజుగొట్టమే.

ఆ గొట్టాన్ని పక్కకు తప్పించినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. హెలెన్ ఫ్రీ 1923లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టింది. ఇంగ్లీషు, లాటిన్ టీచరు కావాలని కాలేజీలో చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో మగపిల్లలంతా సైన్యంలోకి వెళ్లడంతో సైన్సు తరగతులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోకి ఆడపిల్లల్ని రమ్మన్నారు. అలా రసాయనశాస్త్రంలోకి వచ్చింది. మగవాళ్లు లేనప్పుడు తెరుచుకునే తలుపుల గురించి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1944లో మైల్స్ ప్రయోగశాలలో చేరి, 1947లో సహోద్యోగి ఆల్‌ఫ్రెడ్ ఫ్రీని పెళ్లి చేసుకుని, అతనితో కలిసి 1956లో క్లినిస్టిక్స్ తెచ్చింది. ఒక కాగితపు పట్టీని మూత్రంలో ముంచి తీస్తే రంగు మారుతుంది. పొయ్యి అక్కర్లేదు, గొట్టం అక్కర్లేదు, పక్కన ఎవరూ అక్కర్లేదు. 2021లో 98వ ఏట ఆమె చనిపోయే నాటికి ఆ పట్టీ సంతతి ప్రపంచమంతా పాకింది.

అయినా మూత్రం చెప్పేది పాత వార్తే. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే గాని మామూలుగా మూత్రంలోకి రాదు. తగ్గిపోతే మూత్రం అసలేమీ చెప్పదు. రక్తపు చుక్కను చూసి అంకె చెప్పే యంత్రం 1970లో వచ్చింది. కిలోకు పైగా బరువు. స్పృహ తప్పి అత్యవసర విభాగానికి వచ్చిన మనిషి తాగి పడిపోయాడా, చక్కెర వ్యాధితో పడిపోయాడా అని రాత్రిపూట తేల్చుకోవడానికి ఆసుపత్రులకు ఉద్దేశించింది. రోగులకు అమ్మరు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు పన్నెండో ఏట నుంచి ఈ వ్యాధితో బతుకుతున్నాడు, ఆ యంత్రం తనకు కావాలనుకున్నాడు. కొనే హక్కు అతనికి లేదు. అతని భార్య ఆన్ మానసిక వైద్యురాలు కాబట్టి ఆమె పేరున తెప్పించుకున్నాడు. రోజుకు అయిదారుసార్లు తన రక్తం తానే పరీక్షించుకుని, తిండిని, ఇన్సులిన్‌ను సరిచేసుకుని, ఆ అనుభవం రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు, అతను డాక్టరు కాడని. చివరికి నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరాడు. 2025లో తొంభయ్యో ఏట చనిపోయాడు. ఇంట్లో రక్తపరీక్ష చరిత్ర రాసేటప్పుడు అతని పేరు తప్పకుండా వస్తుంది. సంతకం పెట్టిన ఆన్ పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఆ సంతకం లేకపోతే అతను తొలి అంకె చూసేవాడు కాదు.

1980లలో మీటర్లు చిన్నవయ్యాయి, ఇళ్లలోకి వచ్చాయి. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లో 1,441 మంది మీద జరిగిన అధ్యయనం చక్కెరను అదుపులో ఉంచుకుంటే కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని రుజువు చేసింది. దాంతో కొలత ఒక హక్కుగా మాత్రమే కాక ఒక బాధ్యతగా కూడా మారింది. నీ అంకె నీ చేతుల్లో ఉంది, పెరిగితే తప్పు నీదే అనే మాట అప్పుడు మొదలైంది. ఆ మాట మన ఊళ్లకు చేరేసరికి ఎవరి మీద పడిందో చూద్దాం.

హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్లే రహదారి మీద శంషాబాదు దాటాక పాల్మాకుల వస్తుంది. పక్కనే విమానాశ్రయం. సుమారు 5,500 ఎకరాల్లో కట్టి 2008 మార్చి 23న తెరిచారు. అంతకు ముందు ఈ చుట్టుపక్కల వర్షాధారపు చెలకలు. జొన్న, కంది, ఆముదం. జొన్న రొట్టె, గటక, అంబలి ఇక్కడి తిండి. దాని వెనక ఎంత చాకిరీ ఉందో దంచిన చేతులకు, విసిరిన చేతులకు తెలుసు. తర్వాత భూములు ప్లాట్లయ్యాయి. భూమి ఉన్నవాళ్లకు డబ్బొచ్చింది. భూమి లేని కూలి స్త్రీలకు కలుపు పని పోయి, ఊడ్చే పని, తుడిచే పని, క్యాంటీను పని, అదీ షిఫ్టుల్లో, వచ్చింది.

తిండి అంతకుముందే మారడం మొదలైంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తీరింది, ఇది చిన్న విషయం కాదు. పండగకే వండుకునే వరి అన్నం పేదింటికి రోజూ వచ్చింది. 2011లో అది రూపాయికి దిగింది. 2025 ఉగాదికి తెలంగాణలో సన్న బియ్యం ఉచితమైంది. ఈ నలభై ఏళ్లలో బియ్యం చవకవుతూ వచ్చింది. పప్పు, గుడ్డు, పాలు, కూరగాయలు ఆ దారిలో రాలేదు. కంచంలో అన్నం పెరిగి, పక్కన ఉండాల్సినవి తగ్గాయి.

ఇది దానంతట అది జరగలేదని మనకు విడమరిచి చెప్పింది వీణా శత్రుఘ్న. ‘మనకు తెలియని మన చరిత్ర’ రాసిన స్త్రీశక్తి సంఘటన బృందంలో ఒకరుగా ఆమెను మన పాఠకులు ఎరుగుదురు. ఆమె హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో దశాబ్దాలు పనిచేసిన శాస్త్రవేత్త కూడా. ఆకలి చరిత్ర మీద 2010లో అచ్చయిన వ్యాసంలో ఆమె తన సంస్థ చరిత్రనే తిరగేసింది. 1960లలో, 70లలో ఈ దేశపు పోషకాహార శాస్త్రం పేదవాళ్ల కొరతను కేలరీల కొరతగా లెక్కవేసింది. కేలరీలు చాలినంత అందితే ప్రొటీను కూడా తృణధాన్యాల నుంచి, కొద్దిపాటి పప్పు నుంచి సరిపోతుందంది. కేలరీలు అన్నిటికంటే చవకగా దొరికేది ధాన్యంలో. కాబట్టి పేదవాళ్లకు ధాన్యం చాలన్నది విధానమైంది. పాలు, గుడ్లు, మాంసం లెక్కలోంచి జారిపోయాయి. ఎదుగుదల కుంటుపడిన శరీరాల మీద ధాన్యపు భారం పడితే చివరికి తేలేది చక్కెర వ్యాధేనని ఆమె వాదన.

ఈ వాదనకు దగ్గరగా వచ్చే సాక్ష్యం రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే దొరికింది. 1987-90 మధ్య హైదరాబాదుకు దగ్గరి 29 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా మొక్కజొన్న-సోయా పిండితో వండిన ఆహారం పెట్టారు. మిగిలిన 14 గ్రామాలకు ఆ కార్యక్రమం ఇంకా చేరలేదు. గర్భిణికి రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో వచ్చాయి, విమానాశ్రయం తెరిచిన ఏడాదే. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ల శరీరాలు ఇన్సులిన్‌కు లొంగకపోవడం రెండో గుంపుతో పోలిస్తే 20 శాతం తక్కువగా ఉంది. ఒక్క అధ్యయనం మీద అంతా కట్టేయకూడదు. కానీ తల్లి కడుపు నిండిందా లేదా అన్నది పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తంలో కనబడొచ్చని చెప్పడానికి ఇది చాలు. అంకె మీటరులో పుట్టదు. అంతకు చాలా ముందే, ఇంకొక స్త్రీ కంచంలో మొదలవుతుంది.

2001లో వెలువడిన నగరాల సర్వేలో ఆరు మహానగరాల్లోకీ హైదరాబాదులోనే చక్కెర వ్యాధి ఎక్కువ తేలింది: పెద్దవాళ్లలో 16.6 శాతం. అప్పట్లో దీన్ని ధనవంతుల జబ్బని, బిర్యానీ జబ్బని నవ్వుకున్నాం. తర్వాత అది రహదారుల వెంట పల్లెలకు నడిచింది. 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం భారతదేశంలో చక్కెర వ్యాధితో ఉన్నవాళ్లు పది కోట్లు దాటారని అంచనా వేసింది.

ఇప్పుడు ముప్ఫై ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఊళ్లోనే పరీక్ష. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఫారం నింపుతుంది, ఏఎన్‌ఎం వేలు గుచ్చుతుంది. చేసేది స్త్రీలే, తక్కువ డబ్బుకు. ఆ ఫారంలో నడుము కొలత ఉంది, పొగ, మద్యం ఉన్నాయి, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అన్నది ఉంది, వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ఉందా అన్నది ఉంది. తెల్లారి నాలుగింటికి లేచి నీళ్లు మోసి, వండి, ఊడ్చి, పనికి వెళ్లొచ్చిన మనిషి ఆ ప్రశ్నకు “లేదమ్మా, వ్యాయామమెక్కడిది” అంటుంది. ఎన్నింటికి తిన్నావు, ఎవరి తర్వాత తిన్నావు అన్న గడి లేదు.

పాల్మాకులలో ఒక పరీక్షల రోజు పొద్దున పదిన్నరకు ఒక ఏఎన్‌ఎం పక్కన కూర్చున్నాను. అరవై దాటిన ఒకామె చెమటలు కక్కుతూ వచ్చింది. చేతులు వణుకుతున్నాయి.

“పెద్దమ్మా, గోళీ ఏసుకున్నవా?”

“ఆరింటికే ఏసుకున్న బిడ్డా. తినేముందుగాల ఏసుకోమన్నరు గద.”

“మరి తిన్నదెప్పుడు?”

“యాడ తిన్న? కోడలు డ్యూటీకి పోవాలె, పిలగాండ్లను బడికి తోలాలె. అందరు తిన్నంక తింట.”

మీటరు 64 చూపించింది. ఏఎన్‌ఎం గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించింది, పావుగంట ఆగి మళ్లీ గుచ్చింది. ఇది అందరికీ తెలియాల్సిన చిట్కా: 70 కంటే తగ్గితే పదిహేను గ్రాముల చక్కెర, పదిహేను నిమిషాల ఆగుడు, మళ్లీ పరీక్ష, తర్వాత భోజనం. పెద్దమ్మ తేరుకుని, “గోళీ పడుతలేదు నాకు, బంద్ చేస్త” అంది.

గోళీలో తప్పు లేదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. కడుపులోకి తిండి వచ్చిందా లేదా అని అవి చూసుకోవు. అందుకే చీటీ మీద ‘భోజనానికి అరగంట ముందు’ అని రాస్తారు. ఆ మూడు మాటల్లో ఎంత ఊహ ఉందో గమనించండి. తానెప్పుడు తింటుందో తనకు అరగంట ముందే తెలిసిన మనిషిని ఆ చీటీ ఊహిస్తుంది. అంటే వడ్డించుకునే మనిషిని కాదు, వడ్డన జరిగే మనిషిని. మన ఇళ్లలో భర్తకు షుగరుంటే ఎనిమిదింటికి పళ్లెం ముందుకొస్తుంది, మాత్రా మంచినీళ్లూ దాంతోపాటే వస్తాయి. భార్యకు షుగరుంటే ఆమె పళ్లెం ఎప్పటిలాగే చివర. మిగిలింది అన్నమైతే అన్నమే ఎక్కువ, కూర అయిపోయాక. అప్పుడు అంకె పెరుగుతుంది. అంతసేపూ ఆగితే తగ్గుతుంది. రెంటికీ ఆమెనే తిడతారు. శ్రావణ శుక్రవారం ఉపవాసమున్నామె, రంజాన్‌లో రోజా ఉన్నామె, ముందుగా డాక్టరుతో మాట్లాడి మాత్ర వేళ మార్చుకోవచ్చు. కానీ అడగడానికి ఆమెతో ఆసుపత్రికి వచ్చేదెవరు?

మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, హెచ్‌బీఏ1సీ, ఈ గొడవంతా తీరుస్తుందంటారు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల హిమోగ్లోబిన్‌లోని తేడాను 1960ల చివర్లో టెహరాన్‌లో శామ్యూల్ రహబర్ గుర్తించిన దగ్గర్నుంచి వచ్చిన పరీక్ష ఇది. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్ని రోజులూ దానికి అంటుకున్న చక్కెరే ఆ అంకె. పరగడుపున రానక్కర్లేదు, నిజంగా సౌకర్యమే. అయితే ఇది రక్తం సరిగ్గా ఉన్న శరీరాన్ని ఊహిస్తుంది. ఇనుము లోపించి రక్తహీనత ఉంటే చక్కెర అంత లేకపోయినా ఈ అంకె పెరిగి కనిపించవచ్చు. రక్తం బాగా పోయినా, కణాలు త్వరగా చనిపోతున్నా తగ్గి కనిపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి రక్తహీనత. సగానికి పైగా స్త్రీల విషయంలో హిమోగ్లోబిన్ కూడా చూడకుండా ఈ అంకెను ఒంటరిగా చదవకూడదన్నమాట. ఇది ప్రతి చీటీ మీద ఉండాల్సిన హెచ్చరిక.

మరి కొలతను స్త్రీ బతుక్కి తగ్గట్టు మార్చడం సాధ్యం కాదా? ఒకచోట సాధ్యమైంది. గర్భిణులకు చేసే చక్కెర పరీక్షకు పరగడుపున రమ్మనడం, తాగించి గంట గంటకూ రక్తం తీయడం పాత పద్ధతి. దూరం నుంచి రెండు బస్సులు మారి వచ్చే గర్భిణి ఖాళీ కడుపుతో రాదు. రేపు మళ్లీ రమ్మంటే అసలే రాదు. ఆ సంగతి గుర్తించి చెన్నై వైద్యుడు వి. శేషయ్య, ఆయన సహచరులు ఒకే ఒక్క పరీక్ష ప్రతిపాదించారు. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు ఒక్కసారి చూడటం. 140 గానీ అంతకు పైన గానీ ఉంటే వ్యాధి ఉన్నట్టు. కొన్ని కేసులు దీనికి చిక్కకపోవచ్చని విమర్శలున్నాయి. అయినా 2014లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు దీన్నే తీసుకున్నాయి. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది, స్త్రీ పరీక్ష కోసం తన రోజును మార్చుకోనక్కర్లేకుండా పరీక్షే ఆమె రోజుకు తగ్గట్టు మారడం. అది గర్భిణికి జరిగింది, ఎందుకంటే లోపల బిడ్డ ఉంది. అరవై ఏళ్ల పెద్దమ్మకు ఇంకా జరగలేదు.

తిండి విషయంలోనూ ఒక ఉదాహరణ ఉంది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు 1990ల మధ్యలో బీడుభూములు సాగుచేసి, జొన్నలతో సొంత రేషను నడిపాయి. ఎవరు పేదలో, ఎవరికెంత ఇవ్వాలో ఆ స్త్రీలే కూర్చుని తేల్చారు. ఇప్పుడు చిరుధాన్యాలు షుగరుకు మంచివని అందరూ అంటున్నారు. శంషాబాదు దారిలోనే రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ కూడా ఉంది. తెల్లబియ్యం బదులు జొన్న, కొర్ర తింటే భోజనం తర్వాత చక్కెర కొంత తక్కువగా పెరుగుతుందన్నది నిజమే, ఎంత తింటున్నామన్నది మరిచిపోకపోతే. కానీ సంఘం స్త్రీలు జొన్నను భూమితో, నిర్ణయంతో కలిపి తెచ్చుకున్నారు. నగరం జొన్నను ఖరీదైన ప్యాకెట్లో తెచ్చి, ‘అమ్మా, రేపటి నుంచి అందరికీ రొట్టెలు చెయ్యి’ అంటుంది. షుగరున్న అమ్మ పొయ్యి ముందు నిలబడి ఇంటిల్లిపాదికీ రొట్టెలు తట్టి, తాను చల్లారిన అన్నం తినడం ఆరోగ్యమెలా అవుతుంది?

‘సవాలక్ష సందేహాలు’ కాలంలో మన శరీరాలను మనం తెలుసుకోవడం గురించి మాట్లాడుకున్నాం. విమల ‘వంటిల్లు’ కవిత తర్వాత వంటింటి గురించి మన సాహిత్యం ఎంతో మాట్లాడింది. ఆ రెండు మాటలూ కలవాల్సిన చోటు ఇదే అనిపిస్తుంది. మీటరు ఇప్పుడు అరచేతిలో ఇముడుతుంది. చేతికి అంటించుకుంటే రెండు వారాలు ఆగకుండా చక్కెర చెప్పే సెన్సర్లు కూడా డబ్బున్నవాళ్లకు దొరుకుతున్నాయి. అవేవీ వద్దనను. బెర్న్‌స్టీన్ ఎంత పట్టుపడితే, హెలెన్ ఫ్రీ ఎంత పనిచేస్తే ఆ అంకె మన చేతికొచ్చిందో మరిచిపోకూడదు. కానీ అంకె ఒక్కటే చేతికొస్తే అది నిందగా మారుతుంది.

షుగరు పుస్తకంలో తేదీ, పరగడుపు, భోజనం తర్వాత అని గడులుంటాయి. వాటి పక్కన ఇంకో గీత గీసి, ‘ఎన్నింటికి తిన్నాను, ఎవరి తర్వాత తిన్నాను, ఏం మిగిలింది’ అని రాసుకోవడం మొదలుపెడదాం. చదువు రానివాళ్లకు ఇంట్లో పిల్లలు రాసిపెట్టవచ్చు. రాసే పిల్లవాడికీ కొంత తెలుస్తుంది. నెల రోజుల గడులు డాక్టరు ముందు పెడితే మాత్ర వేళ మార్చడానికి, మాత్రే మార్చడానికి ఆధారం దొరుకుతుంది. ఇంట్లో పెడితే ముందు ఎవరు తినాలన్న మాట మొదలవుతుంది. పెద్దమ్మ గోళీ మానేయకూడదు. ఆరింటికి గోళీ వేసుకుంటే ఆరున్నరకు ఆమె కంచం ముందు కూర్చోవాలి, మిగతావాళ్లు ఆమె తర్వాత తినాలి.